నల్లమల అంచు పట్టణాల్లో వికలాంగులకు సామాజిక తోడ్పాటు

అమ్రాబాద్ పీఠభూమి మీద కాపురముండేవారికి ఏ పెద్ద అవసరమొచ్చినా మన్ననూర్ ఘాటు దిగి అచ్చంపేటకు రావాల్సిందే. అక్కడ పని కాకపోతే నాగర్‌కర్నూల్, అక్కడా కాకపోతే మహబూబ్‌నగర్, ఆఖరుకు హైదరాబాద్. కాళ్లు బాగున్న మనిషికి ఇది బస్సు చార్జీ, ఒక రోజు కూలి నష్టం. కాళ్లు కదలని మనిషికైతే మోసుకెళ్లే మరో మనిషి కావాలి, ఆ మనిషి కూలి కూడా పోవాలి. ఈ ప్రాంతంలో వికలాంగుల సంక్షేమ చరిత్రంతా ఆ రెండో మనిషి ఎవరు, అతని కూలి ఎవరిస్తారన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పథకాలు అచ్చేసినవారికి ఈ ప్రశ్న ఆలస్యంగా తట్టింది. ఇరుగుపొరుగుకు మాత్రం మొదటినుంచీ తెలుసు.

నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్. వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, అమరచింత. గద్వాల, అయిజ, అలంపూర్, వడ్డేపల్లి. 2020 నాటికి మూడు జిల్లాల్లో ఉన్న మున్సిపాలిటీలు ఈ పదమూడే. వీటిలో నగరం అనదగ్గది ఒక్కటీ లేదు. కొన్ని నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీలు. పట్టణ పేదలంటే ఇక్కడ అడవిలోని చెంచు గూడేలైన పెంటల నుంచి, తండాల నుంచి, మెట్ట పల్లెల నుంచి వచ్చి అద్దె గదుల్లోనో ఊరి అంచున రేకుల ఇళ్లలోనో ఉండేవారు. పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, పట్టణ పేదల్లో మరో సగం హైదరాబాద్ బస్తీల్లో, బిల్డింగుల పక్కన వేసిన కూలీల గుడిసెల్లో ఉంది. ఒక సగాన్ని వదిలి రెండోదాని గురించి రాస్తే కథ తెగిపోతుంది.

ఎవరు, ఎందరు

2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతంలో వికలాంగులు 10.46 లక్షల మంది. దేశంలో 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. పల్లెకూ పట్నానికీ శాతంలో పెద్ద తేడా లేదు. అయితే ఈ అంకెలు ఎనిమిది రకాల వైకల్యాలను అడిగి రాసుకున్నవి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. 1995 నాటి చట్టంలో ఉన్నవి ఏడే. తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు కొత్తగా లెక్కలోకి వచ్చారు. ఇంట్లో మాట రాని పిల్లను లెక్కల మనిషి ముందు చెప్పుకోవడానికి తల్లిదండ్రులు వెనకాడటం కూడా అంకెను తగ్గిస్తుంది. ఆ పిల్లకు అక్కో చెల్లెలో ఉంటే, పెళ్లి సంబంధం చెడుతుందన్న భయం ఆ మౌనానికి పెద్ద కారణం.

లెక్కలకన్నా ముఖ్యమైన మార్పు ఒకటి నెమ్మదిగా జరుగుతోంది. ఈ జిల్లాల్లో వికలాంగుల సంఘాలు నడిపినవారిలో ఎక్కువమంది చిన్నప్పుడు పోలియో సోకినవారు. కాలు పడిపోయినా చదువుకున్నారు, మాట్లాడగలరు, మూడు చక్రాల బండి మీద కలెక్టరేట్‌కు వెళ్లి ధర్నా చేయగలరు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ పోలియో లేని దేశమైంది. ఆ తరం ఇప్పుడు నడివయసు దాటుతోంది. వారి తర్వాత వస్తున్నవారు వేరు: సెంట్రింగ్ మీది నుంచి పడి వెన్నుపూస విరిగినవారు, షుగరుతో కాలు తీసేయించుకున్నవారు, పక్షవాతంతో మంచం పట్టినవారు, పుట్టుకతో మెదడు పక్షవాతం ఉన్న పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్నవారు. వీరిలో చాలామంది తమ కోసం తాము మాట్లాడలేరు, ఇల్లు కదలలేరు. పోలియో తరం తన కొలతకు కట్టుకున్న సంఘం వీరికి సరిపోవడం లేదు. దీని గురించి సంఘాల్లోనే జరగాల్సినంత చర్చ జరగడం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దానం నుంచి సంస్థల దాకా

పింఛన్ అన్న మాట లేని రోజుల్లో వికలాంగుడికి ఊరిచ్చిన తోడ్పాటు రెండు రకాలు. ఒకటి ఉమ్మడి కుటుంబంలో పని పంచడం. గద్వాల నేత ఇళ్లలో గుంట మగ్గం తొక్కాలంటే రెండు కాళ్లూ ఆడాలి. కాళ్లు లేనివారికి కండెలు చుట్టే పని అప్పజెప్పేవారు. చూపు తగ్గిన ముసలివాళ్లదీ అదే పని. కూలి లెక్క వేరుగా ఉండదు, అన్నం మాత్రం ఉంటుంది. రెండోది గుడి మెట్ల దగ్గర బిచ్చం. అలంపూర్, ఉమామహేశ్వరం, శ్రీశైలం పోయే దారి, చైత్రంలో జరిగే సలేశ్వరం జాతర. పుణ్యం కోసం ఇచ్చే చేతికీ దాని కోసం చాచిన చేతికీ మధ్య ఒక ఏర్పాటు తరతరాలుగా నడిచింది.

కుష్ఠు సోకినవారికి ఈ రెండూ లేవు. ఇంట్లోంచి వెళ్లగొడితే చేరేది పట్నం వీధులే. హైదరాబాద్ వీధుల్లో అలా అడుక్కునేవారి కోసం 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం వెలిసింది. పెట్టినది వనపర్తి సంస్థానపు రాణి కుముదినీదేవి. ఆమె 1962లో హైదరాబాద్ తొలి మహిళా మేయర్ అయింది. 1962, 1967 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2009లో, తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. వనపర్తి రాజభవనం 1959 నుంచి పాలిటెక్నిక్ కళాశాలగా మారిందని పాలమూరులో అందరికీ తెలుసు. ఆ ఇంటి రాణి కట్టిన కుష్ఠు ఆశ్రమం సంగతి తెలిసినవారు తక్కువ. చికిత్సతోపాటు ఉండడానికి చోటు, చేయడానికి పని ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. తర్వాత అక్కడ క్షయ రోగులకూ చికిత్స మొదలైంది. 2005 చివరికి కుష్ఠు దేశవ్యాప్తంగా పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే సెక్షన్లు వివాహ చట్టాల నుంచి పోవడానికి 2019 దాకా పట్టింది. రోగం మందుకు లొంగినంత త్వరగా చట్టం లొంగలేదన్నమాట.

కుముదినీదేవి ఆశ్రమం మనిషిని ఇంటి నుంచి సంస్థకు తెచ్చే పద్ధతి. సంస్థనే ఇంటి దగ్గరకు తీసుకెళ్లే పద్ధతి ప్రపంచంలో ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై 1978లో వచ్చిన ఆల్మా అటా ప్రకటన తర్వాత ఊపందుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి సముదాయ ఆధారిత పునరావాసం అని పేరు పెట్టింది. ఐఎల్ఓ, యునెస్కోలతో కలిసి 1994లో ఒక ఉమ్మడి పత్రం తెచ్చింది. 2010 మార్గదర్శకాల్లో ఆరోగ్యం, చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత అని ఐదు పాయలుగా విడదీసింది. మూల సూత్రం సులువే. ఫిజియోథెరపిస్టు ఊరికి రాలేడు కాబట్టి, అతని పనిలో తల్లి చేయగలిగినంత తల్లికి నేర్పాలి. పక్కింటామెకు నేర్పగలిగితే ఇంకా మంచిది. తెలుగునాట దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపినది అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఈ సంస్థ 1980ల చివర్లో వికలాంగుల పని మొదలెట్టి, ఊరూరా వికలాంగుల సంఘాలు కట్టించింది. తర్వాతి కాలంలో సంస్థ సేవలు నల్లమల చెంచుల దాకా విస్తరించాయి.

కంటి విషయంలో ఈ జిల్లాలకు ప్రత్యేకమైన చోటుంది. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేకు ఎంచుకున్న నాలుగు చోట్లలో మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాద్, ఆదిలాబాద్, పశ్చిమ గోదావరి మిగతావి. పదివేల మందికి పైగా పరీక్షిస్తే అంధత్వం 1.84 శాతమని తేలింది. అందులో సగానికి పైగా శుక్లాలు, కళ్లద్దాలు లేకపోవడం వల్ల వచ్చినదే. ఆపరేషన్ చేస్తేనో అద్దాలిస్తేనో పోయే చీకటి అది. నాగర్‌కర్నూల్ పక్కనున్న తూడుకుర్తిలో ఆ సంస్థ ద్వితీయ స్థాయి ఆస్పత్రి నడుపుతోంది. యాభై వేల మందికి ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షల మందికి ఒక ఆస్పత్రి అన్న అంచెల పద్ధతిలో ఇది రెండో మెట్టు. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాలు, 2023లో వచ్చిన రెండో విడత కళ్లద్దాల లోటును కొంతవరకు పూడ్చాయి. వైకల్యానికి తోడ్పాటులో అన్నిటికన్నా చవకైనది వైకల్యం రాకుండా ఆపడమే. వీధిలోని బస్తీ దవాఖానాలో బీపీ, షుగరు మందులు క్రమంగా అందితే తప్పే పక్షవాతాలు, తప్పే కాళ్ల ఆపరేషన్లు ఎన్నో. ఈ దవాఖానాలను ఎవరూ వికలాంగుల పథకమని పిలవరు.

సంఘం కట్టడం

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, ‘వెలుగు’ పథకంతో మొదలైంది. తర్వాత దాని పేరు ఇందిరా క్రాంతి పథం. మహిళా పొదుపు సంఘాలు ఊరూరా వెలిశాక తేలిన సంగతేమంటే, అందులో వికలాంగ మహిళలు దాదాపు లేరు. అప్పు కట్టలేదేమోనన్న అనుమానంతో సభ్యులు చేర్చుకోరు, చేర్చుకున్నా మీటింగుకు నడిచి రాలేరు. అందుకే ఎంపిక చేసిన మండలాల్లో వికలాంగులకు వేరుగా సంఘాలు కట్టి, వాటిపైన మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పాటు చేశారు. మెదడు పక్షవాతం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం కొన్నిచోట్ల వాడలోనే కేంద్రాలు పెట్టారు. పిల్లను పొద్దున దింపి తల్లి పనికి పోవచ్చు. పెద్ద పేరు లేకపోయినా, వీటికి మించిన పని ఆ పథకంలో మరొకటి కనిపించదు. పిల్లకు ఫిజియోథెరపీ అందడంతోపాటు తల్లికి రోజు కూలి మిగిలింది.

దీనికి జోడుగా ఉపాధి హామీ పథకంలో వికలాంగ శ్రమశక్తి సంఘాలు వచ్చాయి. వికలాంగులకు ఏడాదికి 150 రోజుల పని, కొలతల్లో సడలింపు ఉమ్మడి రాష్ట్రపు ప్రత్యేక ఏర్పాట్లు. నీళ్లు పోయడం, పిల్లల్ని చూడటం, మొక్కలకు కాపలా వంటి పనులు వారికి కేటాయించేవారు. పనికి పోయి పైసలు తెచ్చే మనిషికి ఇంట్లో వచ్చే గౌరవం పింఛన్‌తో రాదని ఆ సంఘాల్లో పనిచేసినవారు చెప్పడం మామూలే.

పట్టణాల్లో ఈ పని 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, మెప్మాకు వచ్చింది. వాడ స్థాయిలో పొదుపు సంఘాలు, వాటి పైన బస్తీ సమాఖ్య, ఆ పైన పట్టణ సమాఖ్య, అన్నిటినీ కలుపుతూ తిరిగే రిసోర్స్ పర్సన్లు, అంటే ఆర్పీలు. మామూలు సంఘానికి పది మంది కావాలి. వికలాంగుల సంఘానికి ఐదుగురు చాలు, మగవారూ ఉండొచ్చు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కూడా ఇదే వెసులుబాటు ఇచ్చింది. కాగితం మీద లోపం లేదు. వాడలో మాత్రం మూడు చిక్కులు. అద్దెకుండేవాళ్లు ఏడాదికో గల్లీ మారతారు, సంఘం చిరునామాకు కట్టుబడి ఉంటుంది. ఐదుగురిలో ఇద్దరు వలస పోతే సంఘం నిలబడదు. ఇక వికలాంగుడి పేరున వచ్చిన అప్పు తరచుగా ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, కంతు మాత్రం అతని పింఛన్‌లోంచి పోతుంది.

ఈ చిక్కులన్నీ ఉన్నా ఆర్పీ దగ్గర ఉన్న సమాచారం చాలా విలువైనది. ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నాడో, ఎవరి సర్టిఫికెట్ గడువు తీరుతోందో, ఏ పిల్ల బడి మానేసిందో ఆమెకు తెలుసు. పథకాల పత్రాలు రాసే అధికారుల్లో చాలామందికి తెలియదు. అయినా ఆమె పనిని అప్పుల వసూళ్లతో కొలుస్తారు. ఒక వికలాంగుడిని కలెక్టరేట్ దాకా తీసుకెళ్లి తెచ్చిన రోజు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు సంగతీ అంతే.

పల్లె మున్సిపాలిటీ అయితే

2018లో అలంపూర్, వడ్డేపల్లి, పెబ్బేరు, కొత్తకోట, ఆత్మకూరు, అమరచింత వంటి ఊళ్లు మున్సిపాలిటీలుగా మారాయి. ఊరు పెరిగిందని సంబరపడ్డారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకే వర్తించేది కాబట్టి, బోర్డు మారగానే జాబ్ కార్డులు చెల్లకుండా పోయాయి. వికలాంగ శ్రమశక్తి సంఘం కూడా వాటితోపాటే పోయింది. సెర్ప్ పరిధి నుంచి మెప్మా పరిధికి మారేటప్పుడు సమాఖ్యల లెక్కలు, పొదుపులు, పరిచయాలు చేతులు మారాలి. ఈ మార్పిడిలో ఎక్కువ నష్టపోయేది బలహీనమైన సంఘమే. పట్టణంలో దానికి బదులుగా వచ్చినవి కుట్టుమిషన్ శిక్షణ, చిరువ్యాపారానికి రుణం. హక్కుల చట్టంలోని 37వ సెక్షన్ పేదరిక నిర్మూలన పథకాల్లో, ఇళ్ల, స్థలాల కేటాయింపుల్లో వికలాంగులకు 5 శాతం వాటా ఇవ్వాలంటుంది. ఉద్యోగాల్లో 4 శాతం. కిరాణా కొట్టు పెట్టుకున్న వికలాంగుడు పట్టణాల్లో అరుదేమీ కాదు. జిరాక్స్ సెంటరు, ఫోన్ రీచార్జి, మిర్చి బండి కూడా అలా నడిచేవే. అయితే కొట్టుకు వెళ్లే మోరీ మీద బండ కూడా ఉండాలి కదా. మూడు చక్రాల బండి ఆగిపోయేది అక్కడే. ర్యాంపు అన్నది మున్సిపల్ ఆఫీసు ముందే కాక ఆ మోరీ మీదా కావాలని ఎవరో ఒక కౌన్సిలర్ అడగాలి.

ఇల్లు కూడా పట్టణంలో ఎదురు తిరుగుతుంది. పల్లెలో అరుగు, వాకిలి, పెరడు అన్నీ నేలబారున ఉంటాయి. పట్టణంలో చవకగా దొరికే గది మేడ మీదిది, మరుగుదొడ్డి కిందది, అదీ నాలుగిళ్లకు ఒకటి. వెన్నెముక దెబ్బ తగిలిన మనిషి రోజూ ఎదుర్కొనేది ఈ మెట్లనే. పడక పుండ్లు పడితే చూసే దిక్కు ఆస్పత్రి కన్నా ముందు ఇంట్లో ఆడవాళ్లు. జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టాక ‘ఆలన’ వాహనాల్లో నర్సులు ఇళ్లకు వచ్చి పుండ్లు కట్టడం మొదలైంది. మొదట కేన్సర్ రోగులకోసం అనుకున్న ఈ సేవ మంచం పట్టిన వికలాంగులకూ అందుతోంది. రావాల్సిన ఇళ్లు ఎక్కువ, బండ్లు తక్కువ.

సర్టిఫికెట్, పింఛన్, పోరాటం

2025 దాకా వికలాంగుడిగా గుర్తింపు పొందాలంటే సదరం సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో వచ్చిన ఈ కంప్యూటర్ పద్ధతి అంతకుముందున్న దొంగ సర్టిఫికెట్ల బెడదను చాలావరకు తగ్గించింది. మీసేవలో స్లాటు బుక్ చేసుకుని, చెప్పిన రోజు ఆస్పత్రిలో క్యాంపుకు హాజరు కావాల్సి వచ్చేది. డాక్టరు శాతం నిర్ణయిస్తాడు. 40 శాతానికి తగ్గితే పథకాలేవీ వర్తించవు. 2025లో తెలంగాణ సదరం నుంచి దేశవ్యాప్త యూడీఐడీ కార్డుకు మారింది. కార్డు రంగు చూస్తే శాతం తెలుస్తుంది: నలభై లోపు తెలుపు, ఎనభై దాకా పసుపు, ఆ పైన నీలం. 2022 నవంబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి వైద్య కళాశాలలు, తర్వాత గద్వాల కళాశాల మొదలవడం వల్ల ఎముకల డాక్టరు కోసమో చెవుల డాక్టరు కోసమో మహబూబ్‌నగర్ వెళ్లే బాధ కొంత తగ్గింది. మానసిక వైకల్యం ఉన్నవారి సంగతి ఇప్పటికీ కష్టమే. క్యాంపు రోజున నెమ్మదిగా కూర్చున్న మనిషికి డాక్టరు తక్కువ శాతం వేస్తాడు, ఇంటికొచ్చాక రాత్రంతా కేకలు.

బుద్ధిమాంద్యం, ఆటిజం, మెదడు పక్షవాతం, బహుళ వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక సంరక్షకుడిని నియమించే అధికారం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి ఇచ్చింది. ఆ ట్రస్టు నడిపే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు భరిస్తుంది. తల్లిదండ్రులు పోయాక బిడ్డ ఏమవుతుందన్న దిగులుకు చట్టంలో ఉన్న జవాబు ఈ కమిటీయే. అచ్చంపేట వాడల్లో తల్లులు ఆ దిగులు గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, కమిటీ పేరు విన్నవారు అరుదు.

పింఛన్ చరిత్రలో సంఘాల పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. రాష్ట్ర విభజన నాటికి వికలాంగుల పింఛన్ 500 రూపాయలు. 2007లో మాదిగ దండోరా ఉద్యమ నేత మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో ఏర్పడిన వికలాంగుల హక్కుల పోరాట సమితి పింఛన్‌ను ఎన్నికల ప్రశ్నగా మార్చింది. కుల ఉద్యమంలో జనసమీకరణ నేర్చినవారు ఆ విద్యను ఇక్కడికి తెచ్చారు. వేలమంది చేతికర్రలతో, మూడు చక్రాల బండ్లతో సభలకు వచ్చాక పార్టీలు లెక్కలు వేసుకోక తప్పలేదు. వామపక్షాల వైపు నుంచి వికలాంగుల హక్కుల జాతీయ వేదిక జిల్లా, మండల కమిటీలతో పనిచేస్తోంది. 2014 నవంబరులో ఆసరా పేరుతో పింఛన్ 1,500 అయింది. 2019లో 3,016, 2023 జులై నుంచి 4,016. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత పేరుతో 6,000 మాటిచ్చింది.

డబ్బు పెరిగాక ఇళ్లలో మార్పొచ్చింది. భారమనుకున్న మనిషి నెలనెలా నికరంగా పైసలొచ్చే మనిషి అయ్యాడు. కిరాణా కొట్టువాడు అతని మాట మీద అప్పిస్తాడు. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. అదే సమయంలో పోస్టాఫీసులో వేలిముద్ర పడని కూలి చేతులు, కుష్ఠుతో వేళ్లు అరిగిన చేతులు నెల నెలా యంత్రం ముందు పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. అలాంటప్పుడు ధ్రువీకరించడానికి పంచాయతీ కార్యదర్శి వేలిముద్ర తీసుకునే ఏర్పాటు పెట్టారు. ఆ కార్యదర్శి ఆ రోజు ఊళ్లో ఉండాలి.

పిల్లలు

మండలానికొకటి చొప్పున ప్రభుత్వ బడుల ఆవరణలో భవిత కేంద్రాలున్నాయి. సర్వశిక్ష అభియాన్ కింద వచ్చిన వీటిలో ఐఈఆర్పీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు చదువు, ఆటలు, రోజువారీ పనులు నేర్పుతారు. నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తాడు. కేంద్రానికి రాలేని పిల్లల దగ్గరకు వారానికోసారి టీచరే ఇంటికి వెళ్తారు. ఈ కార్యక్రమం మొత్తంలో ఇంటికి వెళ్లే ఆ పూటే అతి విలువైనది, అతి సులువుగా రద్దయ్యేదీ అదే. ఎన్నికల డ్యూటీ, సర్వే, శిక్షణ ఏది వచ్చినా ముందు పోయేది అదే పూట. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందాలు లోపం ఉన్న పిల్లల్ని గుర్తించి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. పంపడం వరకూ పని బాగా జరుగుతోంది. వారానికి రెండుసార్లు బిడ్డను అంత దూరం ఎత్తుకుపోవడం దగ్గరే ఆగిపోతోంది. ఈ టీచర్లలో చాలామంది పై చదువులకు, శిక్షణలకు సికింద్రాబాద్ వెళ్లాల్సిందే. అక్కడ 1984లో మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో వెలిసిన సంస్థ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేస్తోంది.

మేస్త్రీ వెంట పోయినవారు

పాలమూరు లేబరు పేరు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లిన కూలీలు డ్యాములు, రోడ్లు, టన్నెళ్లు కట్టారు. ఇప్పటి తరం హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు కడుతోంది. వలసకూ వైకల్యానికీ రెండు ముడులున్నాయి. మొదటిది పనిచోట ప్రమాదం. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం యజమాని నష్టపరిహారం ఇవ్వాల్సి ఉండేది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మిక చట్టం, 1996 భవన నిర్మాణ కార్మిక చట్టం కూడా వచ్చాయి. 1996 చట్టం కింద సంక్షేమ బోర్డులో పేరు నమోదైతే శాశ్వత వైకల్యానికి సాయం వచ్చేది. నమోదుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్లు రుజువు కావాల్సి వచ్చేది. మేస్త్రీ నోటి మాట మీద పనిచేసినవారి దగ్గర కాగితమేదీ ఉండదు. అందుకే చాలామంది కాలో నడుమో పోగొట్టుకుని, మేస్త్రీ చేతిలో పెట్టిన కొంత మొత్తంతో బస్సెక్కి తిరిగొస్తారు. వారి కేసులు పట్టించుకునేది కార్మిక సంఘాలు, హక్కుల సంఘాలు, అప్పుడప్పుడూ ఉచిత న్యాయ సేవల సంస్థలు.

రెండో ముడి ఇంటి దగ్గర. పనిచేయగలవారంతా వలస పోతే మిగిలేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు, వికలాంగులు. ఒకరినొకరు చూసుకోవాల్సిందే. నడవలేని కొడుకును కళ్లు సరిగా కనపడని అవ్వ చూసుకునే ఇళ్లు ఈ జిల్లాల్లో కొత్త కాదు. కుటుంబమంతా హైదరాబాద్ పోతే పింఛన్ ఊళ్లో, మనిషి పట్నంలో. నెలకోసారి పోయి తెచ్చుకోవాలి. ఆర్టీసీ చార్జీలో సగం రాయితీ ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి బస్సు ఉచితం కాబట్టి వెంట వచ్చే తల్లికో భార్యకో చార్జీ మిగిలింది. వికలాంగుల సీటు దొరకడం మాత్రం మునుపటికన్నా కష్టమైందని మగ వికలాంగుల ఫిర్యాదు.

పీఠభూమి మీద

అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్న చెంచు పెంటలకు ఈ పట్టణ వ్యవస్థే ఆధారం. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల్ వంటివి అడవి లోపలెక్కడో ఉంటాయి. మూడు చక్రాల బండి అక్కడి దారుల్లో నడవదు, చంక కర్రలే గతి. మన్ననూర్‌లోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చెంచుల కోసం పనిచేస్తుంది. పెంటలో వికలాంగుడికి తిండిలో వాటా ఉంటుంది, తెచ్చినది పంచుకోవడం అక్కడి పద్ధతి. లోటంతా సర్టిఫికెట్‌ది, మందులది, కిందికి దిగే దారిది. అడవి నుంచి పునరావాసం పేరుతో మైదానానికి తరలించే ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా ఆస్పత్రి దగ్గరవుతుందన్నది ఒక వాదం. పంచుకు తినే పెంటను విడిచి అద్దె గదిలో పడితే ఏమవుతుందన్నది దానికెదురు. ఇందులో రెండోదాన్ని పక్కకు నెట్టేయడం సులువు, ఎందుకంటే ఆ పంపకాన్ని ఏ కార్యాలయమూ కొలవదు.

కార్యాలయాలు కొలవని ఇలాంటి సంగతులు చెప్పేందుకు స్థానిక సంస్థల్లో వికలాంగుల గొంతు వినిపించాలన్న డిమాండు ఈ మధ్య బలపడింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ పంచాయతీలు, మున్సిపాలిటీల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేసే బిల్లులు ఆమోదించింది. తెలంగాణ సంఘాలు అలాంటి చట్టమే కోరుతున్నాయి.

మొదట అడిగిన ఆ రెండో మనిషి కూలి సంగతికొస్తే, హక్కుల చట్టంలోని 24వ సెక్షన్ ఎక్కువ తోడ్పాటు కావాల్సిన వికలాంగుడిని చూసుకునే మనిషికి కూడా భత్యం ఇవ్వాలంటుంది. తెలంగాణ ఆసరాలో 40 శాతం వైకల్యానికీ, మంచం దిగలేని స్థితికీ పింఛన్ ఒక్కటే. తుంగభద్ర అవతల కర్నూలులో 2024 జులై నుంచి మామూలు వికలాంగుల పింఛన్ 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. అప్పటికి అలంపూర్‌లో అలాంటి మనిషికి 4,016, పోస్టాఫీసు దగ్గర.